నలభై మంది, రెండు జాబితాలు

కరోనా హడావిడి సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్ ఒకటో తేదీన గుంటూరులోని ప్రాంతీయ పరిశ్రమల కార్యాలయంలో డిప్యూటీ డైరెక్టరుగా చేరాను. గుంటూరు, ప్రకాశం వైపు మైదానమంతా మా పరిధి. అప్పటికి నాకు రెండేళ్ల తొమ్మిది నెలల సర్వీసు మిగిలి ఉంది. మా శాఖలో ఆ వయసు అధికారిణిని, పని జరగకపోయినా ఎవరూ ఆశ్చర్యపోని చోట వేస్తారు. నాకు ఆశ్చర్యం కలగలేదు కాబట్టి సరైన చోటికే వచ్చాననుకున్నాను.

ఎనిమిదో రోజున ఇంకో ఉత్తర్వు వచ్చింది. అదే భవనం కింది అంతస్తులో ఉన్న విదేశీ ఉపాధి విభాగం అధికారి బదిలీ అయ్యారు. కొత్తవారు వచ్చేదాకా ఆ పని కూడా నేనే చూడాలి. దీన్ని మేము పూర్తి అదనపు బాధ్యత అంటాం. వాడుకలో ఎఫ్.ఏ.సి. ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చోవడమని అర్థం. కొత్తవారు నేను రిటైరయ్యే దాకా రాలేదు.

రెండు కుర్చీల పని ఏమిటో చెప్పాలి. పై అంతస్తులో నా పని, బయటి కంపెనీలను మన ప్రాంతానికి రప్పించడం. "ఇక్కడ నిపుణులకు కొదవ లేదు, వచ్చి ఫ్యాక్టరీ పెట్టండి" అని వాళ్లను నమ్మించాలి. కింది అంతస్తులో నా పని, ఆ నిపుణులను విదేశాలకు పంపించడం. "ఇక్కడ ఏముంది, వెళ్లండి" అని వీళ్లను నమ్మించాలి. రెండింటికీ లక్ష్యాలు ఉండేవి. రెండు లక్ష్యాలనూ నెలాఖరు వీడియో కాన్ఫరెన్సులో ఒకే జాయింట్ డైరెక్టరు గారు సమీక్షించేవారు. ఆయనా నాలాగే రెండు కుర్చీల మనిషి. పై లక్ష్యం తగ్గితే ఒక గొంతుతో, కింది లక్ష్యం తగ్గితే ఇంకో గొంతుతో మందలించేవారు.

రెండు కార్యాలయాలూ వేర్వేరు శాఖల కిందివి. కాబట్టి ఒక అంతస్తు నుంచి రెండో అంతస్తుకు ఏ సమాచారం కావాలన్నా ఉత్తరం రాయాలి. పైన ఉన్న నేను కింద ఉన్న నాకు "గౌరవనీయులైన అమ్మా" అని మొదలుపెట్టి ఉత్తరాలు రాశాను. కింద ఉన్న నేను వాటిని అందుకున్నట్టు సంతకం చేశాను. ఒకసారి జవాబు ఆలస్యమైతే నాకు నేనే రిమైండరు పంపుకున్నాను. అందులో భాష కాస్త కటువుగా ఉందనిపించి రెండు రోజులు నొచ్చుకున్నాను కూడా.

ఈ ఉత్తరాలన్నీ మోసినవారు సూపరింటెండెంటు కోటేశ్వరరావు గారు. ముప్పై ఏళ్ల అనుభవం, ఏ ఫైలుకైనా అడ్డుపడగల నిబంధన ఒకటి ఆయన నాలుక చివర ఉండేది. మంచి మనిషి. ఆయన ఎవరికీ అన్యాయం చేయలేదు, ఎవరి పనీ చేయలేదు.

నేను పైన తెరిచిన మొదటి పాత ఫైలు పద్మజ అనే ఆవిడది. ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఖాళీగా పడి ఉన్న చిన్న షెడ్డు ఒకటి ఇప్పించమని రెండేళ్ల కిందట పెట్టిన దరఖాస్తు. ఏమిటో చూద్దామని ఒక మధ్యాహ్నం మిర్చి యార్డు వెనక సందులో ఉన్న ఆవిడ కొట్టుకు వెళ్లాను.

రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయను తాలు అంటారు. తాలు కలిస్తే సరుకు విలువ పడిపోతుంది. దాన్ని ఏరడానికి ఇప్పుడు మిల్లుల్లో కలర్ సార్టర్ అనే యంత్రం పెడుతున్నారు. కాయలు జారుతూ ఉంటే కెమెరా చూస్తుంది, తాలు కనపడగానే సన్నని గొట్టంలోంచి గాలి ఊది పక్కకు నెట్టేస్తుంది. చూడడానికీ ఊదడానికీ మధ్య నిర్ణయం తీసుకునేది ఒక సర్క్యూట్ బోర్డు. యంత్రాలన్నీ విదేశాలవి. అక్కడి ఇంజనీర్లు గోధుమలనూ కాఫీ గింజలనూ ఊహించారు గాని తేజ రకం మిరప ఘాటును ఊహించలేదు. ఒక సీజను తిరిగేసరికి ఆ దుమ్ము బోర్డులోకి దూరి దాన్ని చంపేస్తుంది. కొత్తది రావాలంటే నెలలు.

పద్మజకు అప్పుడు ముప్పై ఆరేళ్లు. చీరాల నేత కుటుంబం. తండ్రి జకార్డు మగ్గాలు బాగుచేసేవాడు. అట్టల మీద చిల్లులు చూసి చీర అంచులో ఏ పువ్వు పడుతుందో చెప్పడం ఆవిడకు చిన్నప్పుడే వచ్చు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. భర్త శేషు కోల్డ్ స్టోరేజీలో ప్లాంటు ఆపరేటరు. కూతురు ఆరో తరగతి. పదేళ్లుగా ఈ ప్రాంతపు మిల్లుల్లో చచ్చిన బోర్డులను ఆవిడే బతికిస్తోంది. చివరికి విసుగు పుట్టి, మిరప దుమ్ము దూరని బోర్డును తానే తయారుచేసింది. చుట్టుపక్కల మిల్లుల్లో అవే తిరుగుతున్నాయి. వాటిని పద్ధతిగా తయారుచేయడానికి త్రీ ఫేజ్ కరెంటు ఉన్న షెడ్డు కావాలి. ఆవిడ అడిగింది అంతే.

అంత చిన్న కోరిక తీర్చడానికి మా దగ్గర వెసులుబాటు లేదు. ఎలక్ట్రానిక్స్ విధానం కింద ఇద్దామంటే, ఆ విధానం పెద్ద పెట్టుబడిదారులకు తప్ప వర్తించదు. ఆహార శుద్ధి విధానం కింద ఇద్దామంటే, ఆవిడ ఆహారాన్ని శుద్ధి చేయడం లేదు. చిన్న తరహా కింద ఇద్దామంటే, ఫైల్లో ఎవరో "మరమ్మతు అనునది సేవ, తయారీ కాదు" అని రాసి కింద రెండు గీతలు గీశారు. నేను సిఫార్సు రాసి పైకి పంపాను. "నిబంధనల ప్రకారం పరిశీలించగలరు" అని తిరిగొచ్చింది. మా భాషలో దాన్ని కాదనడం అనరు. ఔననడమని కూడా ఎవరూ అనుకోరు.

ఆ సెప్టెంబరులో వీడియో కాన్ఫరెన్సులో జాయింట్ డైరెక్టరు గారి ముఖం వెలిగిపోతోంది. సార్టర్లు తయారుచేసే ఒక యూరప్ కంపెనీ మన దేశంలో ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటోందట, పొదిలి వైపు భూమి చూస్తారట. వాళ్ల షరతు ఒక్కటే: యంత్రాల ఎలక్ట్రానిక్స్ తెలిసిన నలభై మంది స్థానిక నిపుణుల పేర్లు ముందుగా చూపాలి. మూడు రోజుల్లో జాబితా కావాలన్నారు. అదే సమావేశంలో, అజెండాలో తర్వాతి అంశంగా, యూరప్ దేశాలకు పంపడానికి నలభై మంది ఎలక్ట్రానిక్స్ నిపుణుల జాబితా కూడా మూడు రోజుల్లో కావాలన్నారు. రెండు అంశాలకూ మధ్య ఆయన మంచినీళ్లు తాగారు. అంతకుమించి వాటి మధ్య ఏ ఎడమూ లేదు.

నేను కోటేశ్వరరావు గారిని పిలిచి, ఎనభై మందిని ఎక్కణ్నుంచి తెస్తామని అడిగాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఎనభై ఎందుకండీ మేడం, నలభై చాలు. హెడ్డింగు మారిస్తే సరిపోద్ది కదండీ" అన్నారు.

నేను కాదనలేదు. ఇది రాసేటప్పుడు ఈ మాట దాచుకోవాలని లేదు. కింది విభాగం రిజిస్టరులో నలభై ఒక్క పేర్లున్నాయి. అందులో ఒకరు చనిపోయారు. మిగిలిన నలభై మందీ రెండేళ్ల కిందట చీరాలలో జరిగిన నైపుణ్య శిబిరంలో ఫారాలు నింపినవాళ్లు. ఆ ఫారంలో "విదేశాలకు వెళ్లుటకు సుముఖమా" అనే గడి ఒకటుంది. అది ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ఫారాన్ని తీసుకునేది కాదు. అందుకని శిబిరంలో కూర్చున్నవాళ్లు అందరికీ "సుముఖం" అని నొక్కేశారు. ఆ సుముఖులనే పైకి ఒక శీర్షికతో, కిందికి ఇంకో శీర్షికతో టైపు చేయించి, రెండు జాబితాల మీదా నేనే సంతకం చేశాను. పై జాబితా శీర్షిక "స్థానికంగా అందుబాటులో ఉన్న నిపుణులు". కింది జాబితా శీర్షిక "విదేశాలకు వెళ్లుటకు సిద్ధంగా ఉన్న నిపుణులు". పారదర్శకత కోసం రెండింటినీ ఆయా అంతస్తుల నోటీసు బోర్డుల మీద అంటించాలని నియమం. అంటించాం.

వారం తిరక్కుండా పద్మజ వచ్చింది. షెడ్డు ఫైలు సంగతి కనుక్కోవడానికి వచ్చి మెట్ల దగ్గర రెండూ చదివింది. నా గదిలోకి వచ్చి కూర్చోలేదు.

"పైన అంటించిన కాగితంలో నేను ఈ ఊళ్లోనే ఉన్నానండి. కింద అంటించిన దాంట్లో ప్రయాణానికి సిద్ధంగా ఉన్నానండి. రెండిటికీ నన్ను ఎవరూ అడగలేదు. ఇంతకీ నేను ఉన్నట్టా మేడం, వెళ్లినట్టా?" అంది.

అవి సూచనప్రాయమైన జాబితాలని చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ పదం నన్ను చాలాసార్లు ఒడ్డున పడేసింది.

"మనిషి సూచనప్రాయంగా ఎలా ఉంటుందండీ?" అని అడిగింది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. కంపెనీ ఇక్కడికే వస్తే అందరికీ మేలని, ఆవిడ షెడ్డుకు కూడా దారి దొరకవచ్చని చెప్పాను. అది నేను నమ్మి చెప్పిన మాటే. ఆవిడ కూడా నమ్మింది. ఫ్యాక్టరీ ఇక్కడే పెడితే వాళ్లకు బోర్డులు తానే చేసి ఇవ్వొచ్చు కదా అంది.

కంపెనీ వాళ్లు ఫిబ్రవరిలో వచ్చారు, ముగ్గురు. పొదిలి దగ్గర మెట్ట భూములు చూపించాం. నీళ్లు ఎక్కడివని అడిగారు. వస్తాయని జాయింట్ డైరెక్టరు గారు చెప్పారు. ఎప్పుడని వాళ్లు అడగలేదు, మర్యాదస్తులు. మధ్యాహ్నం ప్రత్తిపాడులో వీరయ్య గారి మిర్చి మిల్లులో నిపుణులతో ముఖాముఖి ఏర్పాటు చేశాం. నలభై మందిలో ముప్పై మందికి పైగా వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో సర్టిఫికెట్లు. పెళ్లిచూపుల్లోలాగా వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టాం.

వీరయ్య గారి మిల్లులో ఉన్నది ఆ కంపెనీ సార్టరే. ఆ సీజనులో కొన్న కొత్త మిషను. రెండు రోజులుగా అది ఎర్రటి కాయను కూడా తాలు కింద ఊదేస్తోంది. మామూలుగా అయితే గంటలో పద్మజకు ఫోను వెళ్లేది. తయారుచేసినవాళ్లే వస్తున్నారని తెలిసి ఆయన కావాలనే ఆగాడు.

"మీ మిషనే కదండీ, మీరే చూడండి" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను దాన్ని ఇంగ్లీషులో కొంచెం మెత్తబరిచి చెప్పాను.

వాళ్లలో పెద్ద ఇంజనీరు మూత విప్పి, ల్యాప్‌టాప్ తగిలించి, అరగంట చూశాడు. బోర్డు పోయింది, మా దేశం నుంచి తెప్పించాలి, ఎనిమిది వారాలు పడుతుంది అన్నాడు. ఎనిమిది వారాలకు మిర్చి సీజను వెళ్లిపోతుంది. కుర్చీల వరసలోంచి పద్మజ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ సంచిలోంచి తన బోర్డు తీసి, పాతది ఊడదీసి, వైర్లు మార్చి, కెమెరా ముందు ఒక మంచి కాయనూ ఒక తాలు కాయనూ చూపించి దానికి తేడా నేర్పింది. అరగంట పట్టలేదు. మిషను ఎప్పటిలా తాలును ఊదడం మొదలుపెట్టింది.

జాయింట్ డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. అందరం కొట్టాం. పెద్ద ఇంజనీరు కొట్టలేదు. ఆ బోర్డును నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. దుమ్ము రాకుండా ఏం చేశావని అడిగితే పద్మజ నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత ఆయన నా దగ్గరకు వచ్చి వీళ్ల జాబితా ఇవ్వమన్నాడు. పై అంతస్తు జాబితా ఇచ్చాను. జాయింట్ డైరెక్టరు గారు ఉత్సాహం పట్టలేక, మా శాఖ పథకాలన్నీ తెలియాలని, నా ఫోల్డర్లోంచి కింది అంతస్తు జాబితా కూడా తీసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. మన జాబితాలను అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఏప్రిల్‌లో ఒకే రోజు టపాలో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది పై అంతస్తుకు. ఈ ప్రాంతంలో నిపుణుల లభ్యత దీర్ఘకాలంలో సందేహాస్పదంగా కనిపిస్తున్నందున ఫ్యాక్టరీ ప్రతిపాదన వాయిదా వేస్తున్నామని. రెండోది కింది అంతస్తుకు. జాబితాలోని ఇరవై ఆరు మందిని తమ దేశంలోని ఫ్యాక్టరీకి తీసుకుంటామని. ఇరవై ఆరింటిలో మొదటి పేరు పద్మజది.

పొదిలిలో ఫ్యాక్టరీ కడితే భూమి కొనాలి, నీళ్ల కోసం ఎదురుచూడాలి. మనుషులనైతే మేమే కాగితాలు సిద్ధం చేసి, వీసా ఇంటర్వ్యూకు శిక్షణ ఇచ్చి మరీ పంపిస్తున్నాం. వాళ్లను నేను తప్పుపట్టలేదు. నేనైనా అదే చేసేదాన్ని.

నెలాఖరులో జాయింట్ డైరెక్టరు గారి సంతకంతో నాకు రెండు కాగితాలు వచ్చాయి. లక్ష్యసాధనలో విశేష ప్రతిభ చూపినందుకు కింది అంతస్తుకు ప్రశంసాపత్రం. నిపుణులను స్థానికంగా నిలుపుకోవడంలో విఫలమైనందుకు సంజాయిషీ కోరుతూ పై అంతస్తుకు మెమో. మెమోకు గడువులోగా జవాబిచ్చాను. సదరు నిపుణులు విదేశీ ఉపాధి విభాగం ద్వారా వెళ్తున్నారని, ఆ విభాగం కృషిని తమరే ఫలానా నంబరు ప్రశంసాపత్రంలో కొనియాడారని, దాని నకలు జతచేశానని రాశాను. "వివరణ సంతృప్తికరం" అని వచ్చింది. ఆయన నవ్వుకుని ఉంటారని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఒకసారి కలిసినప్పుడు కదిపి చూశాను. ఆయనకు అందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు.

పద్మజ వెళ్లనని చెప్పేసింది. ఆవిడ వెళ్లకపోతే కింది లక్ష్యం ఒకటి తగ్గుతుంది, నాకేమీ బాధ లేదు. కానీ మూడు వారాల తర్వాత పాలసీ పుస్తకం పట్టుకుని వచ్చింది. మేము వెబ్‌సైటులో పెట్టినదే, మొత్తం ప్రింటు తీయించింది. ఇరవై తొమ్మిదో పేజీలో ఒక పేరా కింద పెన్సిలుతో గీత గీసింది. విదేశంలో సాంకేతిక రంగంలో నిరంతరాయంగా పన్నెండు నెలలు పనిచేసి తిరిగివచ్చే నిపుణులకు షెడ్ల కేటాయింపులో ప్రాధాన్యం, పెట్టుబడి పరిమితి నుంచి మినహాయింపు. వలసపోయిన మేధస్సును వెనక్కి రప్పించడానికి పెట్టిన నిబంధన. ఆ పాలసీని కింది మండలాలన్నిటికీ పంపిస్తూ కవరింగ్ లెటరు మీద సంతకం చేసింది నేనే. ఇరవై తొమ్మిదో పేజీ దాకా చదవలేదు.

"పదేళ్ల నుంచి ఇక్కడే పనిచేస్తున్నదానికి షెడ్డు లేదు. బయట ఒక్క ఏడాది చేసొచ్చినవాళ్లకు ఉంది. నేను సరిగ్గానే చదివానా అండి?"

సరిగ్గానే చదివావన్నాను.

"అయితే వెళ్లొస్తా మేడం. దగ్గర దారి అదేలా ఉంది."

మర్నాడు భర్త శేషు ఒక్కడే వచ్చాడు. నెమ్మదస్తుడు. ఇండస్ట్రియల్ ఎస్టేటుకు తన ఇంటి నుంచి సైకిలు మీద పావుగంట అని, యూరప్ మీదుగా వెళ్లాలని రూలు ఎవరు పెట్టారో తెలుసుకోవాలని ఉందని అన్నాడు. తను మాత్రం ఆపనని, ఆపితే ఆవిడ ఇంకో పదేళ్లు ఆ సందులోనే బోర్డులు అతికిస్తూ ఉండిపోతుందని చెప్పి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు మీద సంతకం చేసే రోజున పద్మజ అడిగింది ఒకే ప్రశ్న: సెలవు ఇస్తే కూతురి బడి సెలవుల్లోనే ఇస్తారా అని. అలాంటి గడి కాంట్రాక్టులో లేదు. జూన్ రెండో వారంలో వెళ్లింది. ఆ పిల్ల అప్పుడే ఏడో తరగతిలోకి వచ్చింది.

ఆ తర్వాతి సీజనులో ఏం జరిగిందో మిర్చి వ్యాపారులకు బాగా తెలుసు. ఇరవై ఆరు మందీ వెళ్లిపోయాక బోర్డులు చూసేవాళ్లు, కొత్త పంటకు తాలు తేడా వాటికి మళ్లీ నేర్పేవాళ్లు లేరు. జనవరికల్లా సార్టర్లు ఒక్కొక్కటే ఆగాయి. తాలు ఏరడానికి మళ్లీ కూలీలను వెతుక్కున్నారు, చాలినంత మంది దొరకలేదు. వీరయ్య గారు నా గదికి వచ్చి, "మా డాక్టరమ్మను మీరే దగ్గరుండి విమానం ఎక్కించారు. ఇప్పుడు రోగులందరూ మా మిల్లులోనే పడున్నారు" అన్నాడు. గొంతు కింది అంతస్తు దాకా వినిపించింది. అక్కడ నేను లేను కాబట్టి జవాబివ్వాల్సింది పైన ఉన్న నేనే. కంపెనీకి రాయించాం. మిల్లుల యజమానులంతా కలిసి సంతకాలు పెట్టారు. ప్రత్యేక నిపుణుణ్ని పంపిస్తున్నామని జవాబు వచ్చింది. జాయింట్ డైరెక్టరు గారి కార్యాలయం, మిర్చి రైతుల కోసం విదేశీ నిపుణుల సేవలు రప్పించామని పత్రికా ప్రకటన ఇచ్చింది.

మార్చి మొదటివారంలో ప్రత్తిపాడు మిల్లు ముందు కారు ఆగింది. వీరయ్య గారు పూలదండ పట్టుకుని ఎదురొచ్చాడు. కంపెనీ గుర్తున్న నీలం కోటు వేసుకుని పద్మజ దిగింది.

వీరయ్య గారు దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఏమ్మా పద్మజా, ఫారిన్ ఇంజనీరంటే నువ్వేనా?"

"నేనేనండి బాబాయ్. దండ వేస్తారా, మిషను చూడనా?"

వేశాడు. ఆవిడ పద్దెనిమిది రోజులు ఉంది, మిల్లులన్నీ తిరిగింది. కంపెనీ వాళ్లు హోటల్లో గది తీసుకుంటే ఆవిడ ఇంట్లోనే పడుకుంది. వెళ్లేముందు రోజు నా దగ్గరకు వచ్చి ఒక సందేహం అడిగింది. ఈ పద్దెనిమిది రోజులూ విదేశంలో ఉన్నట్టా, ఇక్కడ ఉన్నట్టా? నిబంధనలో "నిరంతరాయంగా" అని ఉంది కదా. ఇక్కడ నిలబడినందుకు అక్కడి ఏడాది పోతే తను వెళ్లినది వృథా. మొదటిసారి ఆవిడ మాటలో భయం వినపడింది. చూస్తానన్నాను.

జూన్ చివర తిరిగొచ్చి జులైలో దరఖాస్తు పెట్టింది. కోటేశ్వరరావు గారు పాస్‌పోర్టు నకలు తిరగేసి, నేను అనుకున్న చోటే వేలు పెట్టారు. నిరంతరాయత భంగమైంది కాబట్టి ప్రధాన కార్యాలయం నుంచి స్పష్టత కోరాలన్నారు. స్పష్టత కోరిన ఫైలు ఎప్పుడొస్తుందో మాకు తెలుసు. పాలసీ గడువు మార్చితో ముగుస్తుంది. నేను ఫిబ్రవరిలో ముగుస్తాను.

అయినా పద్ధతి ప్రకారం అడిగాం. నవంబరు దాకా ఆగాను. రిమైండర్లు పంపాను, ఈసారి నాకు కాదు. జవాబు లేదు. చిన్న షెడ్ల కేటాయింపు అధికారం డిప్యూటీ డైరెక్టరుకే ఉంది. పైవాళ్లను అడగడం అలవాటే తప్ప అవసరం కాదు. డిసెంబరులో నేనే ఫైల్లో నోట్ రాశాను. దరఖాస్తుదారు సదరు పద్దెనిమిది రోజులు విదేశీ యజమాని ఆజ్ఞ మేరకు, విదేశీ కంపెనీ ఉద్యోగిగా ఇక్కడ పనిచేశారని, ఆ రోజుల్లో ఆమె విదేశీ నిపుణురాలేనని శాఖే పత్రికా ప్రకటన ద్వారా ప్రజలకు తెలియజేసిందని, కాబట్టి నిరంతరాయతకు భంగం లేదని. ప్రకటన నకలు జతచేశాను.

కోటేశ్వరరావు గారు నోట్ రెండుసార్లు చదివారు. "పెన్షన్ కాగితాలు నడుస్తుండగా ఎందుకండీ మేడం ఇదంతా" అన్నారు. ఆయన భయం నిజమైనదే. రిటైరయ్యే ఏడాదిలో పెట్టిన ఒక్క సంతకం మీద అభ్యంతరం వస్తే పెన్షన్ ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లు మాకు ఇద్దరికీ తెలుసు. నేను కూడా ఆ ఫైలును నాలుగు రోజులు బల్ల మీదే ఉంచాను. నన్ను సంతకం వైపు నెట్టింది ధైర్యం కాదు. ఒకసారి ఆవిడను అడగకుండా రెండు సంతకాలు పెట్టాను, ఆవిడే వచ్చి అడిగిన తర్వాత ఒకటి పెట్టకపోతే బాగుండదనిపించింది. జనవరి మూడో వారంలో కేటాయింపు ఉత్తర్వు పద్మజ చేతికిచ్చాను. ఆవిడ నిలబడే మొత్తం చదివింది, చివరి పేజీలోని షరతులతో సహా. నాలుగో షరతులో ఒక అక్షర దోషం చూపించి దిద్దించుకుని వెళ్లింది.

రిటైరైన ఎనిమిది నెలలకు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఒక పేజీ జవాబు రాసి, పత్రికా ప్రకటన జతచేశాను. మధ్యలో మూడు నెలలు పెన్షన్ ఆగి, మళ్లీ వచ్చింది. షెడ్డు నడుస్తోంది. మిగిలిన ఇరవై ఐదు మందిలో ఎవరెవరు తిరిగొచ్చారో నాకు తెలియదు. వెళ్లినవాళ్లను లెక్కపెట్టడానికి కింది అంతస్తు రిజిస్టరులో గడి ఉంది, వచ్చినవాళ్లకు లేదు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండే. ఒక మనిషి పేరును ఏ జాబితాలోనైనా ఎక్కించేముందు ఆ మనిషికి ఫోను చేసి అడగాలి. నలభై ఫోన్లకు ఒక పూట పడుతుంది. ఏ ప్రభుత్వ విధానాన్నైనా కవరింగ్ లెటరు పెట్టి పంపించేముందు చివరి పేజీ దాకా చదవాలి. దానికి రెండు గంటలు చాలు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు ఆ పూటా ఆ రెండు గంటలూ దొరకలేదని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా.